పాట అడగకు, పక్కన కూర్చో

బిడ్డా,

మీ తొమ్మిదో తరగతి పిల్లలంతా కలిసి ఊళ్లల్లో పాత పాటలు సేకరించి బాలసభలో పాడతారని నువ్వు రాస్తే నాకు కడుపు నిండినట్టయింది. దేవరకొండ చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ని. ఈ పనిలో నాకు తెలిసిందీ, తెలియక చెడగొట్టిందీ రెండూ చెప్తాను.

ముందు చెడగొట్టింది. ఒకసారి పిల్లలతో నాట్ల పాటలు రాయించాను. వాళ్లు "ఏడికి", "పొయ్యొస్త" అని విన్నది విన్నట్టే రాసుకొచ్చారు. నేను ఎర్ర పెన్ను పట్టి "ఎక్కడికి", "పోయి వస్తాను" అని దిద్దాను. నోటుబుక్కు ముచ్చటగా తయారైంది. పాడబోతే ఒక్క పాటా దరువులో కూర్చోలేదు. మళ్లీ అడుగుదామంటే పాడినామె అప్పటికే కాలం చేసింది. ఆ పాటలు నా చేతులారా పోయినయ్. కాబట్టి నోట్లోంచి ఎట్ల వస్తే అట్లనే రాయి. అర్థం కాని మాట కింద గీత గీసి, పాడినామెనే అడుగు.

ఇంకో సంగతి. పెద్దామెను కుర్చీలో కూర్చోబెట్టి, ఫోన్ ముందు పెట్టి "పాడు అవ్వా" అంటే ఆమెకు టెన్షన్ వస్తుంది, "నాకేం రావు బిడ్డా" అంటుంది. నిజంగానే గుర్తురాదు. ఒక ఊళ్లో అట్లనే అరగంట కూర్చుని లేచొస్తుంటే, ఆ అవ్వ చాటలో పల్లికాయ ముందేసుకుని ఒలవడం మొదలుపెట్టింది. పది కాయలు ఒలిచిందో లేదో, సన్నగా కూనిరాగం. అది ఇసుర్రాయి పాట. రాయి గుంతలో జొన్నలు పోసేటప్పుడు చెయ్యి ఎట్ల లేస్తుందో, అక్కడ పాట కూడా అట్లనే ఒక్క క్షణం ఆగింది. రాయి లేదు, జొన్నలు లేవు, కానీ చెయ్యి మరువలేదు. పాట పనిని పట్టుకుని ఉంటుంది. నువ్వు కూడా పని అందుకుని పక్కన కూర్చో.

నాట్ల పాటకు ఇది ఇంకా అవసరం. అది ఒక్కరి పాట కాదు, ఒకామె ఎత్తుకుంటే వరుసంతా అందుకోవాలి. ఇప్పుడు మన మళ్లల్లో నాట్లకు బీహార్, బెంగాల్ కూలీలు వస్తున్నారు, మనవాళ్ల వరుసలు తగ్గిపోయినయ్. అందుకని ఇద్దరు ముగ్గురు అవ్వలను ఒక్క అరుగు మీద కలుపు. ఒకరు మరిచిన చరణం ఇంకొకరు అందిస్తారు.

ఫోన్ రికార్డింగ్ మొదట్లోనే ఊరు, తేదీ, పాడేవాళ్ల పేరు, వయసు చెప్పించు. తల్లిగారి ఊరు ఏదని తప్పకుండా అడుగు. ఆడవాళ్ల పాటలు పెళ్లితోనే ఊళ్లు దాటినయ్. కల్వకుర్తిలో దొరికిన పాట అచ్చంపేట దిక్కుది కావచ్చు. 2016లో జిల్లాలు విడిపోయినయ్ కదా, పాత పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా అని కూడా రాసుకో. ఫ్యాన్ ఆపడం మరువకు.

చావు ఇంటి శోకాలు మాత్రం ఊరికే పాడమనకు. పాడేవాళ్లకు పోయినవాళ్లు గుర్తొస్తారు.

కిన్నెర అనే తీగల వాయిద్యం వాయించేవాళ్లకు, ఒగ్గు, శారద కథలు పాడేవాళ్లకు పాట బతుకుతెరువు. మన పాలమూరు దిక్కు పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఉన్నోళ్లను దోచి పేదలకు పెట్టిన పండుగ సాయన్న కథ ఆయన పాడుతుంటే పాత పాలమూరు కళ్ల ముందుకొస్తుంది. అట్లాంటి కళాకారులు మీకు దొరికితే బడికి పిలిచి, అందరూ తలా ఇంత వేసుకుని గౌరవంగా డబ్బు ఇవ్వండి. వాళ్ల కథ మొత్తం రికార్డు చేసి వాట్సాప్‌లో తిప్పకండి. అవ్వల పాటైనా సరే, అడిగాకే పంపు.

రాసుకున్నాక మళ్లీ ఆ ఇంటికి పోయి, ఆమె ముందే పాడి వినిపించు. తప్పుంటే అక్కడే దిద్దుతుంది. అప్పుడే ఇంకో పాట కూడా బయటికొస్తుంది.

బొడ్డెమ్మ పాటలకు బతుకమ్మ ముందు రోజులు మంచివి. ఆడపిల్లలు ఆడుతుంటే పెద్దవాళ్లు "అట్ల కాదు" అంటూ వాళ్లంతట వాళ్లే వచ్చి నేర్పుతారు.

దూరం పోయేముందు మీ ఇంట్లోనే మొదలుపెట్టు. మీ నాయనమ్మ చిన్నప్పుడు పుణెలో మట్టి పనికి పోయినామె, అక్కడ గంప ఎత్తుకుంట పాడిన పాటలు ఆమెకు వచ్చని మీ అమ్మ చెప్పింది. ఈ ఆదివారం పల్లికాయ ముందేసుకుని ఆమె పక్కన కూర్చో. ఏమీ అడగకు. ఏం దొరికిందో, దిద్దకుండా నాకు రాసి పంపు.

దీవెనలతో,
మీ అమ్మమ్మ ఇంటి తాత