మీ నాన్న స్కానింగ్ రిపోర్టు గురించి

కావలి

అల్లుడూ,

ఒంగోలులో మీ నాన్నకు తీయించిన మెదడు ఎంఆర్ఐ రిపోర్టు ఫోటో అందింది. రాత్రంతా అందులోని ఒక్కో మాటా ఫోన్లో వెతుక్కుంటూ కూర్చున్నావని అక్క చెప్పింది. నేను డాక్టర్ని కాను. స్కానింగ్ గదిలో 30 ఏళ్లు పనిచేసినందుకు తెలిసింది రాస్తున్నాను.

ముందు చివర ఉన్న 'ఇంప్రెషన్' చదువు. పైనంతా చూసినవి వరసగా రాసుకుంటూ పోతారు, తేల్చింది ఇక్కడే ఉంటుంది. మీ నాన్నకు మొదట రాసింది 'నో అక్యూట్ ఇన్‌ఫార్క్ట్'. రక్తం అందక కొత్తగా దెబ్బతిన్న చోటు ఏదీ కనపడలేదని దాని అర్థం. నువ్వు దీన్ని దాటేసి 'అట్రోఫీ' దగ్గర ఆగిపోయి, మెదడు ఎండిపోయిందని ఏడ్చావంట. దాని ముందే 'ఏజ్ రిలేటెడ్' అని ఉంది నాయనా. 72 ఏళ్ల మనిషికి తల నెరిసినట్టే మెదడూ కొంచెం తగ్గుతుంది.

'స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ చేంజెస్, ఫజెకాస్ గ్రేడ్ 1' అన్నది సన్న రక్తనాళాల సంగతి. బీపీ, షుగరు, వయసు కలిసి ఏళ్ల తరబడి వదిలిన తెల్లమచ్చలవి. 0 నుంచి 3 దాకా ఉండే కొలతలో 1 అంటే తక్కువే. అలాగని వదిలేయొద్దు. మీ నాన్న బీపీ మాత్ర మధ్యమధ్యలో మానేస్తున్నారని అక్క అంది, ముందు మాత్ర మానకుండా వేసుకునేలా చూడు. 'హైపర్ఇంటెన్స్' జబ్బు పేరు కాదు, బొమ్మలో తెల్లగా కనపడిందని చెప్పడమే.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. మీ తాతకు మూతి వంకర పోయిన రోజు గంటలోపే సీటీ తీస్తే నార్మల్ అని వచ్చింది. రక్తస్రావమైతే సీటీలో వెంటనే తెలుస్తుంది. రక్తపు గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతం మొదటి గంటల్లో అందులో కనపడకపోవచ్చు. కాగితం నమ్మి ఇంటికి తీసుకొచ్చాం, తెల్లారేసరికి కుడి చెయ్యి పడిపోయింది. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు. అందుకే మీ నాన్నకు ఎప్పుడన్నా మూతి వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యి లేవకపోయినా ఈ రిపోర్టు చూసుకుంటూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చెయ్యి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల్లోపే పడాలి. కనిగిరి నుంచి ఒంగోలు చేరేసరికే అందులో చాలా పోతుంది.

సోమవారం డాక్టర్‌ను అడగాల్సినవి కాగితం మీద రాసుకో. ఈ మచ్చలు పాతవా, కొత్తవా? నాన్నకు తల తిరగడం వీటివల్లేనా, చెవి వల్లా? మందులేమన్నా మారాలా? రిపోర్టులో 'కోరిలేట్ క్లినికల్లీ' అని రాసింది ఇందుకే. మనిషిని పరీక్షించిన డాక్టరే బొమ్మను ఆయన బాధతో సరిచూడాలి. వాట్సాప్ ఫోటోతో ఆ పని జరగదు, ఫిల్ములూ సీడీ పట్టుకుపో. అప్పట్లో కింద పడినప్పుడు తీసిన పాత స్కాన్ అక్క బీరువా మీద ఉండాలి, పక్కన పెట్టి చూస్తే ఏం మారిందో తెలుస్తుంది. మడత పెట్టకుండా కవర్లోనే తీసుకురా. నేను ఆ రోజు పొద్దున్నే మొదటి బస్సుకు బయల్దేరి నేరుగా ఒంగోలు వచ్చేస్తాను.

మీ మామ