ప్రార్థన మార్చినా దెబ్బ ఎందుకు తగులుతోంది?

హన్మకొండ మిత్రులకు నమస్కారం. ఆన్‌లైన్ ఆట ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో బాణం వస్తుండగానే రక్షణ ప్రార్థన (ఒక రకం దాడిని అడ్డుకునే శక్తి) మార్చినా దెబ్బ తగులుతోందని, నడుమ నడుమ ఆయుధం ఆగిపోతోందని, నెట్ కనెక్షన్ మార్చాలా అని అడిగారు. దానికి డబ్బు పెట్టకండి.

ఈ ఆట సర్వర్ 0.6 సెకన్లకు ఒకసారి మాత్రమే లెక్క చూస్తుంది. ఆ వ్యవధినే టిక్ అంటారు. మీరు ఎప్పుడు నొక్కినా ఆ ఆజ్ఞ తర్వాతి టిక్‌లోనే అమలవుతుంది కాబట్టి, వరంగల్ నుంచి సర్వర్‌కు సంకేతం చేరే సమయం కొంత ఎక్కువైనా, అది టిక్ కంటే ముందు అందిందా లేదా అన్నదే ముఖ్యం. అసలు చిక్కు ఏమిటంటే, చాలా శత్రువుల విషయంలో దెబ్బ ఎంతన్నది బాణం వదిలినప్పుడే తేలిపోతుంది; అది గాలిలో ఉండగా ప్రార్థన మార్చి లాభం లేదు. జాడ్ అనే పెద్ద శత్రువు దీనికి మినహాయింపు, దాని కదలిక మొదలయ్యాక కూడా మార్చుకునే వీలుంటుంది. ఇంత ముఖ్యమైన తేడాను ఆట విడమరచి చెప్పకపోవడం కొత్తవారికి అన్యాయమే.

ఆయుధం ఆగడానికి కారణం బహుశా తిండి. అబిస్సల్ విప్ అనే కొరడా 4 టిక్కులకు, అంటే 2.4 సెకన్లకు ఒకసారి కొడుతుంది; కొట్టిన వెంటనే షార్క్ (ఆటలోని ఒక ఆహారం) తింటే తర్వాతి దెబ్బ మరో 3 టిక్కులు వెనక్కి పోతుంది. ఈ ఆటను నడిపే రూన్‌లైట్ అనే ప్రోగ్రామ్‌లో మెట్రోనోమ్ ప్లగిన్ పెట్టుకొని ఆటలోని లంబ్రిడ్జ్ అనే ఊరి ఆవుల మీద సాధన చేయండి. టిక్కు టిక్కుకూ శబ్దం వినిపిస్తుంది కనుక, ఏ దెబ్బ ఎప్పుడు పడుతుందో చెవికే తెలిసిపోతుంది.