మధ్యాహ్నం మటన్, సాయంత్రం దద్దుర్లు: ఏ రక్తపరీక్ష అడగాలి?

ప్రశ్న: మావారికి 44 ఏళ్లు. పలమనేరు దగ్గర ఆవులు మేపుకుంటాం. ఈ 6 నెలల్లో మూడుసార్లు, ఆదివారం మధ్యాహ్నం పొట్టేలు కూర తిన్నాక సాయంత్రం ఆరేడు గంటలకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. మూడోసారి కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, వాంతులు, కళ్లు తిరగడం కూడా. ఎప్పుడో తిన్నదానికి ఇప్పుడు దద్దుర్లేమిటి, అది మాంసం వల్ల కాదంటున్నారు ఇంట్లో. ల్యాబువాళ్లేమో 80 రకాల ఆహారాలకు ఒకే ప్యాకేజీ ఉందంటున్నారు. చేయించమంటారా?
– ఒక సోదరి, పలమనేరు

జవాబు: ప్యాకేజీ వద్దమ్మా. మీ ఇంట్లోవాళ్లు ఏ ఆలస్యాన్ని చూసి మాంసం కాదంటున్నారో, ఆ ఆలస్యాన్ని చూసే మేం మాంసాన్ని అనుమానిస్తున్నాం. వేరుశనగ, రొయ్య లాంటివి పడనివాళ్లకు తిన్న నిమిషాల్లో, మహా అయితే 2 గంటల్లోపు తెలిసిపోతుంది. తిన్న 2 నుంచి 6 గంటల తర్వాత వచ్చే మాంసం అలర్జీ ఒకటుంది. దాని పేరు ఆల్ఫా-గాల్ సిండ్రోమ్.

ఆల్ఫా-గాల్ ఒక చక్కెర పదార్థం. మేక, పొట్టేలు, ఆవు, ఎద్దు, పంది, కుందేలు వంటి పాలిచ్చే జంతువులన్నిటి ఒంట్లోనూ ఉంటుంది. మనుషులకు, మనకు దగ్గరి చుట్టాలైన పెద్ద కోతులకు ఉండదు. కోడికీ చేపకూ కూడా ఉండదు. మనది కాని ఈ చక్కెర మీద కొందరి ఒంట్లో ఐజీఈ అనే ప్రతిరక్షకాలు తయారవుతాయి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో, ఐరోపాలో దీనికి పిడుదు కాటుతో సంబంధం ఉందని తేలింది. పశువుల దగ్గర పనిచేసే మీవారిని ఎప్పుడైనా పిడుదు పట్టిందా, పట్టినచోట వారాల తరబడి దురద నిలిచిందా అన్నది డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఆలస్యం ఎందుకంటే, మాంసంలోని కొవ్వును అంటిపెట్టుకున్న ఆల్ఫా-గాల్ అరిగి రక్తంలోకి చేరడానికి గంటలు పడుతుందని శాస్త్రవేత్తల అభిప్రాయం. కొవ్వున్న ముక్కలు, మూత్రపిండాలు, పేగులు తిన్నప్పుడు దద్దుర్లు ఎక్కువగా రావడం, అదే మనిషి రెండు పల్చటి ముక్కలు తిని ఏమీ కాకుండా ఉండడం ఇందుకే. ఒకసారి వచ్చి ఒకసారి రాకపోతే అలర్జీ కాదని కొట్టిపారేయకండి. మద్యం, తిన్న వెంటనే బరువు పని, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు తోడైతే అదే మాంసం ఆ రోజు ముంచుతుంది.

ఇక పరీక్ష. చీటీలో ఇలా రాయించుకోండి: ఆల్ఫా-గాల్ స్పెసిఫిక్ ఐజీఈ, దానితోపాటు టోటల్ ఐజీఈ, అంటే ఒంట్లోని ఐజీఈ మొత్తం. ఇమ్యునోక్యాప్ పద్ధతి వాడే ల్యాబుల జాబితాలో ఆల్ఫా-గాల్ సంకేతం ఓ215. గొర్రె మాంసానిది ఎఫ్88, గొడ్డు మాంసానిది ఎఫ్27, పందిది ఎఫ్26. మాంసం ఐజీఈలు మాత్రమే చేయించి, అవి చాలా తక్కువగా వచ్చాయని కేసు మూసేయడం మామూలుగా జరిగే పొరపాటు. వాటిలో విలువ స్వల్పంగా ఉన్నా ఆల్ఫా-గాల్ విలువ స్పష్టంగా పెరిగి ఉండొచ్చు. ఐజీజీ అనే మరో రకం ప్రతిరక్షకం ఆధారంగా చేసే ‘ఫుడ్ ఇన్‌టాలరెన్స్’ ప్యాకేజీకి డబ్బు పెట్టకండి. ఐజీజీ మనం ఆ ఆహారం తింటున్నామని చెబుతుందే తప్ప, పడదని చెప్పదు. చర్మం మీద గుచ్చి చేసే పరీక్ష కూడా రెడీమేడ్ మాంసం ద్రావకాలతో ఈ అలర్జీని తరచూ పట్టుకోలేదు.

పరగడుపున వెళ్లక్కర్లేదు. సిట్రిజిన్ మాత్ర వేసుకున్నా రక్తపరీక్ష ఫలితం మారదు. ఆ మాత్ర ఆపాల్సింది చర్మపరీక్షకే. చేతి నుంచి 3–5 మిల్లీలీటర్ల రక్తం ఎర్రమూత లేదా పసుపుమూత ట్యూబులో తీస్తారు. అరగంట గడ్డకట్టనిచ్చి, తిప్పి, పైన తేలిన సీరం తీస్తారు. అది 2–8 డిగ్రీల చల్లదనంలో వారం వరకు పాడవదు. చిన్న ల్యాబులు శాంపిల్‌ను నగరానికి పంపుతాయి గనుక ఫలితానికి రోజులు పట్టొచ్చు. సీరం వేరు చేశాకే పంపుతున్నారా, ఐస్‌ప్యాక్ పెడుతున్నారా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. కణాలు చితికి ఎర్రబడిన సీరంతో పరీక్ష చేయకుండా మళ్లీ రక్తం అడుగుతారు.

లీటరుకు 0.1 కిలోయూనిట్, అంతకు పైన వస్తే పాజిటివ్ అంటారు. 0.35ను హద్దుగా రాసే రిపోర్టులు ఇప్పటికీ ఉన్నాయి. 0.2 వచ్చినా అక్కడ ‘నెగటివ్’ అని పడుతుంది. కాబట్టి మాట కాదు, అంకె చూడండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. దద్దుర్లతోపాటు వాంతులు, కళ్లు తిరగడం అంటే అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ. రిపోర్టు వచ్చేదాకా మేక, పొట్టేలు మాంసం పూర్తిగా మానేయాలి. కోడి, చేప తినొచ్చు, కానీ మటన్ వండిన గిన్నె, గరిటె, నూనె వాటికి వాడకూడదు. మళ్లీ అలా వస్తే పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టి 108కి ఫోన్ చేయండి. ముందు పడాల్సిన మందు తొడ కండరంలో అడ్రినలిన్. అవిల్ ఇంజెక్షన్ దద్దుర్లను తగ్గిస్తుంది గానీ, పడిపోతున్న బీపీని నిలబెట్టదు.

ప్రశ్న: వేరే పనికి పరీక్షలు చేయించుకుంటే ఆల్ఫా-గాల్ 1.8, టోటల్ ఐజీఈ 1400 అని వచ్చింది. నేను వారం వారం మటన్ తింటాను, ఏనాడూ ఏమీ కాలేదు. మానేయాలా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఏమీ కానప్పుడు మానేయక్కర్లేదు. ఒంట్లో ఐజీఈ ఉండడం వేరు, అలర్జీ ఉండడం వేరు. ఆరుబయట పనిచేసేవారిలో, కడుపులో పురుగులున్నవారిలో ఆల్ఫా-గాల్ ఐజీఈ కనబడి, మాంసం మాత్రం హాయిగా అరిగిపోయేవాళ్లు ఎందరో ఉన్నారు. మీ 1.8ని 1400తో పోలిస్తే 0.13 శాతం. అదే 1.8 టోటల్ 60 ఉన్న మనిషికి వస్తే 3 శాతం. మాంసం తిన్నాక లక్షణాలు ఉండి, ఈ నిష్పత్తి 2 శాతం దాటితే అనుమానం బలపడుతుంది. టోటల్ ఐజీఈ కూడా చేయించమని పైన రాసింది అందుకే. అంకె పెద్దదైతే జబ్బు తీవ్రమని, చిన్నదైతే తేలికని కూడా అనుకోవద్దు. తీవ్రతను ఈ పరీక్ష చెప్పలేదు. మీ టోటల్ అంత ఎక్కువగా ఎందుకుందో, అంటే నులిపురుగులా, ఆస్తమానా, చర్మవ్యాధా అని డాక్టరుతో చూపించుకోవడం మీకు ఎక్కువ అవసరం.

ప్రశ్న: ఆల్ఫా-గాల్ అలర్జీ ఉందని తేలింది. పాలు, నెయ్యి కూడా మానాలా? తిరుమల లడ్డూ తినొచ్చా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: చాలామందికి పాలు, పెరుగు, నెయ్యి పడతాయి. ఇన్నాళ్లూ ఇబ్బంది లేకుండా తింటుంటే మానకండి, లడ్డూ ప్రసాదం కూడా. మాంసం మానేసిన నెల, రెండు నెలల తర్వాత కూడా దద్దుర్లు, కడుపునొప్పి వస్తుంటే అప్పుడు పాలపదార్థాలను ఆపి చూడాలి.

మనవాళ్లు మరిచిపోయేది మందుల సంగతి. జెలటిన్ క్యాప్సూల్ గొడ్డు లేదా పంది ఎముకల నుంచి, చర్మం నుంచి వస్తుంది. చాలామంది దాన్ని తట్టుకుంటారు, కొందరు తట్టుకోలేరు. రక్తనాళంలోకి ఎక్కించే జెలటిన్ ద్రావణాలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే, పంది పేగుల నుంచి తీసే హెపారిన్, జంతువుల నుంచి తీసిన గుండె కవాటాలు, క్యాన్సర్‌కు ఇచ్చే సెటుక్సిమాబ్ విషయంలో ముందే చెప్పాలి. ఆపరేషన్‌కు వెళ్తే మత్తు డాక్టరుకు రిపోర్టు చూపించండి. మన పల్లెల్లో ఇంకో మాట కూడా అవసరం. పాముకాటు విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి తీస్తారు. కాటు పడితే అలర్జీ ఉందని ఆ మందును కాదనకూడదు. డాక్టరుకు చెబితే అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుని ఎక్కిస్తారు.

ప్రశ్న: ఒళ్లు ఉబ్బి ఆసుపత్రికి తీసుకెళ్తే, ట్రిప్టేజ్ అనే పరీక్ష నార్మల్ వచ్చింది, అలర్జీ కాదన్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: ఆ ఒక్క ఫలితంతో అలా తేల్చలేం. ట్రిప్టేజ్ అంటే అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లోని కొన్ని కణాలు రక్తంలోకి వదిలే పదార్థం. లక్షణాలు మొదలైన గంట, రెండు గంటల్లో, ఆలస్యమైనా 4 గంటల్లోపు తీసిన రక్తానికే విలువ. మర్నాటి శాంపిల్‌లో అది మామూలుకు వచ్చేస్తుంది. అంతా తగ్గాక, కనీసం 24 గంటలు ఆగి రెండోది తీసి పోల్చాలి. మామూలు విలువను 1.2తో గుణించి 2 కలపండి. దద్దుర్లప్పటి విలువ దాన్ని దాటితే పెరిగినట్టే. ఉదాహరణకు మామూలుగా 4 ఉంటే హద్దు 6.8. ఆ రోజు 9 వస్తే, ల్యాబు రాసే 11.4 కంటే తక్కువ గనుక కాగితం మీద ‘నార్మల్’, నిజానికి పెరుగుదల. ఆహారం వల్ల వచ్చే అలర్జీల్లో ట్రిప్టేజ్ అసలు పెరగకపోవడమూ మామూలే. మీకు రక్తం ఏ గంటకు తీశారో కనుక్కోండి.

ప్రశ్న: మా బాబుకు 3 ఏళ్లు. ఆవుపాలు పడవు. మటన్ సూప్ తాగిన పావుగంటకే పెదాలు వాచాయి. ఇదీ అదేనా?
– ఒక తల్లి, పుత్తూరు

జవాబు: పావుగంట అంటే ఆల్ఫా-గాల్‌ను మొదట అనుమానించం. ఆవుపాలలో ఉండే అల్బుమిన్ అనే ప్రోటీన్ మాంసంలోనూ ఉంటుంది. పాలు పడని కొందరు పిల్లలకు మాంసం కూడా పడకపోవడానికి అది ఒక కారణం. బాబుకు పాలు, గొర్రె మాంసం, బోవైన్ సీరం అల్బుమిన్‌లకు ఐజీఈ అడగండి. సూప్‌లో పాలు, మీగడ, వెన్న కలిపారా అన్నది కూడా డాక్టరుకు చెప్పండి, అసలు కారణం అదే కావచ్చు. మళ్లీ మాంసం పెట్టి చూడడం మాత్రం ఇంట్లో వద్దు.

ప్రశ్న: పరీక్ష మళ్లీ ఎప్పుడు? జీవితాంతం మటన్ లేనట్టేనా?
– ఒక పాఠకుడు, కుప్పం

జవాబు: 6 నుంచి 12 నెలలకోసారి, వీలైతే అదే ల్యాబులో, అదే పద్ధతిలో. కొత్తగా పిడుదులు కుట్టకపోతే చాలామందిలో అంకె మెల్లగా తగ్గుతుంది. బాగా తగ్గాక కొందరు డాక్టరు సమక్షంలో కొంచెంతో మొదలుపెట్టి మళ్లీ తినగలుగుతున్నారు. మళ్లీ పిడుదు పడితే అంకె తిరిగి ఎగబాకుతుంది. అందుకే కొట్టంలోకి నిండు చేతుల చొక్కా, ప్యాంటు కాళ్లు సాక్సులో దోపుకుని వెళ్లండి. బయటికొచ్చాక మోకాళ్ల వెనక, గజ్జల్లో, చంకల్లో చూసుకోండి. పిడుదు కనబడితే కిరసనాయిలు పోయకండి, బీడీతో కాల్చకండి. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలిపెట్టకుండా నిటారుగా లాగి, సబ్బుతో కడిగి, ఆ తేదీ రాసి పెట్టుకోండి.