పాఠకుల ప్రశ్నలు – జవాబులు: తోట నుంచి బెంగళూరు దాకా, ఏ సరుకుకు ఏ ధ్రువపత్రం?

కోలారు, చిత్తూరు జిల్లాల నుంచి బెంగళూరుకు కూరగాయలు, పండ్లు పంపే చిన్న రైతులను కొనుగోలుదారులు ఇప్పుడు పురుగుమందుల అవశేషాల గురించి, ధ్రువపత్రాల గురించి అడుగుతున్నారు. ఆ మాటలను ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు విడమరిచి చెప్పే పని నగరంలో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల మీద పడుతోంది. ఈ నెల ఇదే విషయం మీద వచ్చిన నాలుగు ఉత్తరాలను కలిపి తీసుకుంటున్నాను. మొదటిదానికి జవాబు కాస్త పొడవుగా ఉంటుంది. మిగిలిన మూడింటికీ అదే పునాది కనుక పాఠకులు ఓపికగా చదవాలని కోరుతున్నాను.

ప్రశ్న: మా నాన్నగారు పలమనేరు దగ్గర రెండెకరాలలో టమాటా వేస్తారు. బెంగళూరులో సరుకు కొనే ఒక సేకరణ కేంద్రం వాళ్లు, మందు అవశేషాలు పరిమితికి మించి ఉన్నాయంటూ ఈ మధ్య మా కాయ తీసుకోవడం మానేశారు. అందరూ కొట్టే మందే తానూ కొట్టానని, కాయ నిగనిగలాడుతూ ఉంటే తప్పెక్కడుందని నాన్నగారు బాధపడుతున్నారు. పరీక్ష కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆయనకు ఎలా చెప్పాలి? సర్టిఫికెట్ ఏదైనా తీసుకుంటే సరిపోతుందా?
– వైట్‌ఫీల్డ్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ నాన్నగారి బాధలో న్యాయం ఉంది. ఆయనకు ఇంతవరకూ ఎవరూ చెప్పని నియమం ప్రకారం ఆయన సరుకును తూచారు. ముందుగా ఆ నియమం ఏమిటో చెప్పండి. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దాని కింద 2011లో వెలువడిన నిబంధనలలో ఏ పంటలో ఏ మందు ఎంతవరకు మిగిలి ఉండవచ్చో కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని నిర్ణయించారు. ఒక పంట విషయంలో ఒక మందుకు పరిమితి విడిగా నిర్ణయించకపోతే సాధారణంగా కిలోకు 0.01 మిల్లీగ్రాము లెక్క వర్తిస్తుంది. అంటే టన్ను టమాటాలో ఆ మందు 10 మిల్లీగ్రాములకు మించకూడదు. అందుకే ఆ పంటకు అనుమతి లేని మందును ఎంత తక్కువగా కొట్టినా పరీక్షలో బయటపడే అవకాశం ఎక్కువ. కాయ నిగనిగకూ దీనికీ సంబంధం లేదు. మొక్కలోకి ఇంకే రకం మందైతే కాయను కడిగినా పూర్తిగా పోదు.

రెండో సంగతి, కోతకు ముందు ఆగవలసిన రోజులు. మన దేశంలో పురుగుమందులను నమోదు చేసే కేంద్ర సంఘం ప్రతి మందుకూ పంటను, మోతాదును, ఆగవలసిన రోజులను విడివిడిగా నిర్ణయిస్తుంది. కాయతొలుచు పురుగుకు విరివిగా వాడే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్.సి. మందునే తీసుకోండి. టమాటా మీద కొడితే 3 రోజులు ఆగితే చాలు. అదే మందును వంగతోటలో కొడితే 22 రోజులు ఆగాలి. పక్క మడిలో వంగ ఉందని అదే ట్యాంకుతో అటూ ఇటూ కొట్టేసి, నాలుగో రోజున రెండూ కోసి ఒకే బండిలో పంపితే టమాటా పరీక్షలో నిలుస్తుంది, వంకాయ నిలవకపోవచ్చు. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపితే వాటిలో దేనికి ఎక్కువ రోజులు ఆగాలో ఆ గడువునే పాటించాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. టమాటా కాపు మొదలైన తరువాత మూడు నాలుగు రోజులకొకసారి కోత పడుతుంది. ఆ సమయంలో వారం ఆగవలసిన మందు కొట్టి మరుసటి కోతను వదులుకోగలిగిన రైతు ఎవరుంటారు? అందువల్ల ఎక్కువ గడువున్న మందులేవైనా పూత, పిందె దశలలోనే ముగించుకోవాలి. కాపులో తప్పనిసరైతే కోత పూర్తయిన సాయంత్రమే, రెండు కోతల మధ్య ఎడం కంటే తక్కువ గడువున్న మందునే ఎంచుకోవాలి. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పే బంతి పద్ధతి మీ నాన్నగారికి తెలిసే ఉండవచ్చు: పదహారు వరుసల టమాటాకు ఒక వరుస బంతి. నాటేటప్పుడు బంతి నారు 45 రోజులది, టమాటా నారు 25 రోజులది అయితే రెండూ ఒకేసారి పూతకు వచ్చి, కాయతొలుచు పురుగు తల్లి బంతి పూల మీద గుడ్లు పెడుతుంది. దీనికి లింగాకర్షక బుట్టలు, వేప మందులు తోడైతే పిచికారీల సంఖ్య తగ్గుతుంది. అదే సంస్థ విడుదల చేసిన అర్క రక్షక్ రకం ఆకుముడత వైరస్‌ను, బాక్టీరియా ఎండు తెగులును, ఆకుమాడు తెగులును తట్టుకుంటుంది; రకాన్ని మార్చడం కూడా ఆహార భద్రతలో భాగమేనని నా అభిప్రాయం.

అందరూ కొట్టే మందన్న మాటకు వస్తే, ఆ అందరికీ మందు చెప్పేది చాలా ఊళ్లలో దుకాణదారే. సీసాతో పాటు అట్టపెట్టెలో మడతలు పెట్టిన పలుచని కరపత్రం ఒకటి వస్తుంది. ఏ పంటకు, ఎంత, ఎన్ని రోజులు అన్నది దానిలోనే, ప్రాంతీయ భాషలలో కూడా ఉంటుంది. చీమ తలకాయంత అక్షరాలు కావడం వల్ల చాలామంది దాన్ని దుకాణంలోనే పారేస్తారు. మీరు చేయగలిగిన మొదటి సాయం ఇదే: సీసా కొన్నప్పుడల్లా ఆ కాగితాన్ని ఫోనులో ఫోటో తీసి పంపమని నాన్నగారిని అడగండి, పెద్దది చేసి చదివి రోజులు చెప్పండి. బ్యాచ్ నంబరుతో బిల్లు కూడా అడిగి తీసుకోమనండి. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకం ఎన్నో ఏళ్లుగా నిషిద్ధం. వేరే పంటకు తెచ్చిన సీసా ఇంట్లో మిగిలి ఉన్నా టమాటా జోలికి తీసుకురాకూడదు.

తరువాత ఒక నోటుపుస్తకం పెట్టించండి. తేదీ, ఏ మడి, ఏ పురుగు కనబడింది, మందు పేరు, బ్యాచ్ నంబరు, ట్యాంకుకు ఎంత, ఎన్ని ట్యాంకులు, కొట్టినది ఎవరు, మళ్లీ ఏ తేదీ నుంచి కోయవచ్చు. ఇంతే. ఆఖరి గడిని మందు కొట్టిన రోజే నింపాలి, కోత రోజున లెక్కవేసుకుంటే ప్రయోజనం లేదు. ఇదంతా తెలుగులోనే రాయవచ్చు. ప్రపంచంలో ఏ ధ్రువీకరణ పద్ధతిని తీసుకున్నా తనిఖీకి వచ్చినవారు తోట కంటే ముందు అడిగేది ఈ పుస్తకాన్నే.

పరీక్ష కాగితంలో మూడు గడులు చూడండి: మందు పేరు, దొరికిన పరిమాణం, అనుమతించిన పరిమాణం. మందు పేరు చూసి నాన్నగారు ఎప్పుడు, ఏ మడిలో కొట్టారో గుర్తు చేసుకోగలిగితే కారణం సగం తేలినట్లే. ఆ పేరు మందు ఆయన అసలు కొట్టలేదని తేలితే, గాలికి పక్క తోట నుంచి వచ్చిందా, దుకాణదారు ఇచ్చిన సీసాలో వేరేది కలిసిందా, సేకరణ కేంద్రంలో వేరేవాళ్ల సరుకు కలిసిందా అని అడిగే హక్కు ఆయనకు ఉంది. పరీక్ష చేసిన ప్రయోగశాలకు, ప్రయోగశాలల నాణ్యతను గుర్తించే జాతీయ సంస్థ ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు ఉందో లేదో, ఆ గుర్తింపు పురుగుమందుల అవశేషాల పరీక్షకు కూడా వర్తిస్తుందో లేదో చూడండి. ఒక్కటి మరవవద్దు: ఆ కాగితం ఆ రోజు తీసిన ఆ నమూనాకు మాత్రమే సాక్ష్యం. తోట మొత్తానికి, ఏడాది పొడవునా చెల్లే యోగ్యతాపత్రం కాదు.

ఇక సర్టిఫికెట్. మేలైన సాగు పద్ధతులకు మన దేశంలో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నడిపే ఇండ్‌గ్యాప్ ఉంది. 1997లో యూరప్ చిల్లర వ్యాపార సంస్థలు యూరెప్‌గ్యాప్‌గా మొదలుపెట్టి 2007లో పేరు మార్చిన గ్లోబల్ గ్యాప్ ఉంది. రెండూ మంచివే. అయితే రెండెకరాల రైతు ఒంటరిగా ఆ ఖర్చు మోయడం నాకు సబబుగా తోచదు. కొనేవారు రాతపూర్వకంగా అడిగితేనే, అదీ రైతు ఉత్పత్తిదారుల సంఘం తరఫున పదిమందితో కలిసి తీసుకోవాలి. పుస్తకం లేకుండా తెచ్చుకున్న పత్రం తరువాతి పరీక్షలో కాయను కాపాడలేదు.

ప్రశ్న: హోసకోట దగ్గర మేము ఆరుగురం రైతులం మందులు మానేసి ఆకుకూరలు పండిస్తున్నాం. సేంద్రియ కూరలని బోర్డు పెట్టుకోవచ్చా? డబ్బు కడితే పది రోజుల్లో సర్టిఫికెట్ ఇప్పిస్తానని ఒకాయన వస్తున్నాడు.
– హోసకోట రైతులు

జవాబు: ఆయనకు డబ్బు ఇవ్వకండి. కేంద్ర ప్రభుత్వం 2001లో మొదలుపెట్టిన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమంలో, వ్యవసాయ ఎగుమతులను చూసే కేంద్ర సంస్థ అపెడా పర్యవేక్షణలో ఇచ్చే ధ్రువపత్రానికి ఏడాది పంటలకైతే రెండేళ్లు, పండ్లతోటల వంటి బహువార్షిక పంటలకైతే మూడేళ్లు మార్పిడి కాలం, అంటే రసాయనాలు మాని సేంద్రియానికి మారే గడువు, గడవాలి. పది రోజులలో వచ్చేది కాగితం మాత్రమే.

ఎగుమతి ఆలోచన లేకపోతే మీకు తగినది రైతులే ఒకరికొకరు హామీగా నిలిచే పద్ధతి, పి.జి.ఎస్. ఇండియా. అయిదుగురు రైతులున్నా స్థానిక బృందంగా ఏర్పడవచ్చు, మీరు ఆరుగురున్నారు. ప్రతిజ్ఞ చేసి, ఒకరి పొలాన్ని మరొకరు తనిఖీ చేసి, ఆ తనిఖీ పత్రాలను ప్రాంతీయ మండలికి పంపుతారు. మార్పిడి కాలంలో పి.జి.ఎస్. గ్రీన్, అది ముగిశాక పి.జి.ఎస్. ఆర్గానిక్ గుర్తు లభిస్తాయి. ఈ పద్ధతి బలమూ బలహీనతా ఒకటే: ఆరుగురిలో ఒకరు రాత్రిపూట మందు కొట్టినా మిగిలిన అయిదుగురి పేరూ పోతుంది. కాబట్టి మొహమాటపడి సంతకం పెట్టకండి.

అన్నింటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. సేంద్రియమైనంత మాత్రాన ఆకుకూర సురక్షితమైపోదు. ఆకుకూర నేలకు ఆనుకుని పెరుగుతుంది, చాలాసార్లు పచ్చిగానే తింటాం. కొత్తిమీర, పుదీనా సంగతి ఆలోచించండి. పచ్చి పేడ వేసిన మడి నుంచి వ్యాధికారక క్రిములు నేరుగా పళ్లెంలోకి వస్తాయి. ఎరువు పూర్తిగా మాగాలి. బెంగళూరు మురుగును మోసే వృషభావతి వంటి వాగుల నీటితో పండిన కూరలలో బరువు లోహాల భయం కూడా ఉంటుంది. శుద్ధి చేసిన కోరమంగల–చల్లఘట్ట లోయ నీటిని 2018 నుంచి కోలారు చెరువులకు పంపుతున్నది భూగర్భజలాలను పెంచడానికే, నేరుగా మళ్లకు పారించడానికి కాదు. మీ బావి నీటిని ఇ.కోలై క్రిములకు, సీసం, కాడ్మియం లోహాలకు ఒకసారి పరీక్ష చేయించండి. కోసిన కట్టలను చెరువు గట్టున ముంచి తీయడం మానేసి, పరీక్షలో నెగ్గిన నీటితోనే కడిగి, నేలకు తగలకుండా క్రేట్లలో పెట్టండి. బోర్డు సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.

ప్రశ్న: మా ఊరి నుంచి కూరగాయలు తెప్పించి మా అపార్టుమెంటులో అమ్ముతున్నాను. వేసవిలో టమాటా పచ్చడి కూడా పెడతాను. లైసెన్సు కావాలా?
– కె.ఆర్.పురం నుంచి ఒక గృహిణి

జవాబు: లైసెన్సు కాదుగానీ నమోదు కావాలమ్మా. తన పొలంలో పండినదాన్ని పొలం దగ్గర అమ్ముకునే రైతుకు ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 18వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. ఇతరుల సరుకు కొని అమ్మేవారు, పచ్చళ్లు పెట్టి అమ్మేవారు ఆహార వ్యాపారులే. చిన్న వ్యాపారానికి పూర్తి లైసెన్సు అక్కరలేదు, కేంద్ర ఆహార భద్రతా సంస్థవారి ఫోస్కోస్ వెబ్‌సైటులో ప్రాథమిక నమోదు చేసుకోవాలి. పచ్చడి సీసా మీద తయారీ తేదీ, నమోదు సంఖ్య, కలిపిన దినుసులు రాయండి.

ప్రశ్న: శ్రీనివాసపురం దగ్గర మామిడి తోట ఉంది. వ్యాపారి కార్బైడ్ పెట్టకపోతే కాయ రంగు రాదంటాడు. మా కాయను యూరప్‌కు పంపాలంటే ఏం చేయాలి?
– ఒక మామిడి రైతు

జవాబు: కాయను మగ్గబెట్టడానికి కార్బైడ్ వాడడం 2011 నిబంధనల ప్రకారం నిషిద్ధం. దానిలో ఆర్సెనిక్, భాస్వరం జాడలు ఉండవచ్చు. రంగు కావాలంటే ఇథిలీన్ వాయువును 100 పి.పి.ఎం. (పది లక్షల భాగాలలో వంద భాగాలు) వరకు గదిలో వాడడానికి అనుమతి ఉంది. పక్వానికి రాని కాయ కోస్తే ఇథిలీన్ కూడా రుచిని తేలేదు, కాబట్టి వ్యాపారి తొందరకు లొంగి ముందుగా కోయనివ్వకండి.

యూరప్ విషయంలో రెండు అడ్డంకులను వేరు చేసి చూడండి. 2010లో మన ద్రాక్షను వాళ్లు తిప్పి పంపింది మొక్క పెరుగుదలను అదుపుచేసే క్లోర్‌మెక్వాట్ అనే మందు అవశేషాల వల్ల. అది ఆహార భద్రత. 2014 మే 1 నుంచి మన మామిడిని నిషేధించి 2015లో ఎత్తివేసింది పండు ఈగ వల్ల. అది మొక్కల ఆరోగ్యం. మొదటిదానికి, టమాటా రైతుకు పైన చెప్పిన మందుల నోటుపుస్తకమే ఆధారం. రెండోదానికి తోట స్థాయిలో మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు కట్టాలి, రాలిన కాయను ఎప్పటికప్పుడు ఏరి లోతుగా పూడ్చాలి. ఎగుమతికి తోట నమోదై ఉండడం తప్పనిసరి. మీ తాలూకా ఉద్యాన శాఖ కార్యాలయంలో కాయ సైజు కట్టకముందే, పహణీ, తోట ఫోటోలు పట్టుకుని వెళ్లి అపెడా వ్యవస్థలో తోటను నమోదు చేయించమని అడగండి.