అప్పు గీత దగ్గర ఆగితే ముందు డబ్బెవరికి?

ప్రశ్న: అమెరికా ప్రభుత్వం అప్పు పరిమితికి చేరినప్పుడల్లా ‘ముందు బాండ్ల బాకీ కట్టాలి, తర్వాతే మిగతావి’ అని చట్టం చేయాలంటారని మా అబ్బాయి చెప్పాడు. అలాంటిది ఉందా? మన రాష్ట్రంలో ఆ పరిస్థితి వస్తే నా పింఛను ఏ వరుసలో ఉంటుంది?
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అక్కడ ఆ చట్టం లేదు. 2013 మేలోను, 2015 అక్టోబరులోను ప్రతినిధుల సభ ఇలాంటి బిల్లులను ఆమోదించింది గానీ అవి చట్టం కాలేదు. 2013 బిల్లులో కిటుకు ఏమిటంటే, ప్రజల దగ్గరున్న బాండ్ల అసలు, వడ్డీ, సోషల్ సెక్యూరిటీ (వృద్ధుల పింఛన్ల పథకం) నిధికి కట్టాల్సిన బాకీ తీర్చడానికి చేసే కొత్త అప్పును పరిమితిలో లెక్కించరు. సైనికుల జీతాలకు, ఆస్పత్రుల బిల్లులకు ఆ వెసులుబాటు లేదు. బాండ్ల డబ్బు అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ద్వారా వేరే దారిలో వెళ్తుంది కాబట్టి దాన్ని విడదీయవచ్చు. మిగతావి నెలకు కోట్ల సంఖ్యలో ఉంటాయి. గడువు రాగానే చెల్లించేలా తయారైన వ్యవస్థలో ఇది ముందు, అది వెనక అని ఏరడం కష్టమని అక్కడి ఆర్థిక శాఖ (ట్రెజరీ) ఎప్పటి నుంచో చెబుతోంది. 1979లో పరిమితిని చివరి క్షణంలో పెంచినా, కార్యాలయ యంత్రాలు మొరాయించి కొందరు చిన్న మదుపరులకు డబ్బు ఆలస్యమైంది.

ఇక మన సంగతి. రాజ్యాంగం 202(3) అధికరణం ప్రకారం రాష్ట్రం అప్పుల వడ్డీ, అసలు చెల్లింపులు ‘ఛార్జ్‌డ్’ ఖర్చు. 203(1) ప్రకారం దానికి శాసనసభ ఓటు అక్కర్లేదు. అలాగని ముందు దాన్నే కట్టాలని అందులో రాసి లేదు. ఆచరణలో ఆ వరుసను తెచ్చేది రిజర్వ్ బ్యాంకు. రాష్ట్రం ఖాతా దాని దగ్గరే ఉంటుంది, గడువు రోజున వడ్డీ అందులోంచే పోతుంది. ఖాతా, అనుమతించిన చేబదులును కూడా దాటి, వరుసగా 14 పనిదినాలకు మించి ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉంటే చెల్లింపులు ఆపేయడం సాధారణ నిబంధన. ఆ భయంతోనే ఆర్థిక శాఖ మిగతా బిల్లులను తొక్కిపెడుతుంది.

మీ పింఛను ఛార్జ్‌డ్ కాదు, ఓటు వేయాల్సిన పద్దు. కానీ దయాధర్మమూ కాదు. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆంధ్రప్రదేశ్ వాయిదా వేసిన జీతాలు, పింఛన్లపై 6 శాతం వడ్డీ ఇవ్వాలని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆలస్యం జరగొచ్చు, హక్కు మాత్రం పోదు.

ప్రశ్న: ఓ ప్రభుత్వ శాఖకు సామాను సరఫరా చేశాను. బిల్లు ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో ఎక్కింది, డబ్బు మాత్రం రాలేదు. అప్పు పరిమితి అయిపోయిందంటున్నారు. ఏం చేయాలి?
– చిన్న వ్యాపారి, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: పరిమితి అయిపోవడం మీ బాకీని రద్దు చేయదు. ఆ సామాను మీరే తయారుచేసి, సరఫరాకు ముందే మీకు సూక్ష్మ లేదా చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (కేంద్రం ఇచ్చే చిన్న పరిశ్రమల నమోదు) ఉంటే, ఆ సంస్థల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం పనికొస్తుంది. ఒప్పందంలో గడువు ఎంత రాసినా సరుకు అంగీకరించాక 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. ఫిర్యాదును, ఇలాంటి బాకీల వివాదాలను చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వేయాలి. చాలామంది ‘ఈ నెల వస్తుంది’ అన్న మాట నమ్మి దెబ్బతింటారు. దావాకు కాలపరిమితి 3 ఏళ్లు. అది ముగిసేలోపే ‘ఇంత బాకీ ఉంది’ అని అధికారి సంతకంతో కాగితం తీసుకుంటే ఆ రోజు నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. ఫోన్‌లో చెప్పిన హామీకి ఆ బలం లేదు.

ప్రశ్న: రాష్ట్ర ప్రభుత్వ బాండ్లు, ప్రభుత్వ పూచీ ఉన్న కార్పొరేషన్ బాండ్లు ఒకటేనా?
– పాఠకుడు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: కావు. మొదటివి రాష్ట్రం సొంత అప్పు. రిజర్వ్ బ్యాంకు రిటైల్ డైరెక్ట్ ఖాతా తెరిచి రూ.10,000 నుంచి కొనొచ్చు, వడ్డీ ఆరు నెలలకోసారి వస్తుంది. రెండోవాటిలో అప్పు చేసింది కార్పొరేషన్. 2018లో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్డీఏ 10.32 శాతం వడ్డీకి రూ.2,000 కోట్లు సేకరించిన అమరావతి బాండ్లు ఆ కోవలోవే. పూచీ ఉన్నంత మాత్రాన రాష్ట్ర ఖాతాలోంచి డబ్బు దానంతటదే రాదు. వడ్డీ ఎక్కువ కదా అని తొందరపడకుండా, ముందుగా ఎస్క్రో ఖాతాలో (మదుపరుల చెల్లింపులకే విడిగా ఉంచే ఖాతా) ఎన్ని నెలల వడ్డీ ఉంచుతారో, ఎగవేస్తే పూచీని ఎన్ని రోజుల్లో అమలు చేయిస్తారో ఆఫర్ పత్రంలో చదవండి.