ప్లేస్‌మెంట్స్ ముందు వీణ మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. రోజూ తెనాలి నుంచి వెళ్ళి వస్తుంది. ఉదయం తొమ్మిది నుంచి నాలుగున్నర దాకా కాలేజీ, రాత్రి ఎనిమిది నుంచి పదకొండున్నర దాకా లీట్‌కోడ్ అనే వెబ్‌సైట్‌లో కోడింగ్ ప్రాక్టీస్. చిన్నప్పుడు వీణ నేర్చుకుంది, ఇంటర్‌లో మేమే మాన్పించాం. ఈమధ్య అటక మీది వీణ దింపించి రోజూ సాయంత్రం గంటసేపు వాయిస్తోంది. తీగల కింద ఉండే మెట్లు కదిలాయట, బాగు చేయించమంటోంది. ఆరు నెలల్లో క్యాంపస్ ప్లేస్‌మెంట్స్. ఆ గంట కూడా కోడింగ్ ప్రాక్టీస్ చేస్తే మంచిది కదా? ఉద్యోగం వచ్చేదాకా ఆపమని చెప్పమంటారా?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: వద్దమ్మా, ఆపమని చెప్పకండి. ఈ ఆరు నెలల్లో అసలే చెప్పకండి.

పిల్ల చదువు మీద ఇంత పెట్టినవాళ్ళకు ప్లేస్‌మెంట్స్ ముందు టెన్షన్ ఉంటుంది, ఉండాలి కూడా. అందుకే ముందు ఆ గంట లెక్కే చూద్దాం. మీరు రాసినదాని ప్రకారం కాలేజీ, ప్రాక్టీస్ కలిపి రోజుకు పదకొండు గంటలు. ప్రయాణం వేరే. దానికి పన్నెండో గంట కలిపితే ఆ మేరకు చదువు పెరుగుతుందని మీ ఆశ. కోడింగ్‌లో అలా జరగదు. అలసిపోయాక పెట్టే గంట చాలాసార్లు అంతకుముందు చేసినదాన్ని కూడా పాడు చేస్తుంది.

లోపల ఏం జరుగుతుందో ఒక చిన్న ఉదాహరణతో చెప్తాను. పది సంఖ్యల జాబితాను ప్రోగ్రాం ఒక్కొక్కటిగా చూడాలనుకోండి. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో ఈ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి తొమ్మిది దగ్గర ఆగాలి. 'పది కంటే తక్కువ' అని రాయాల్సిన చోట మీ అమ్మాయి 'పది లేదా అంతకంటే తక్కువ' అని రాసింది. తేడా ఒక్క గుర్తు. ప్రోగ్రాం లేని పదకొండో సంఖ్య కోసం వెళ్ళి బోల్తా పడుతుంది. ఆ లైను ఆమె ఎన్నిసార్లు చదివినా తప్పు కనబడదు, ఎందుకంటే రాసింది కాకుండా తను రాయాలనుకున్నదే చదువుతూ ఉంటుంది. లేచి, అన్నం తిని, కాస్త వేరే పని చూసుకుని వస్తే చాలాసార్లు మొదటి చూపులోనే దొరుకుతుంది. మీ బంధువుల్లో సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఎవరున్నా అడిగి చూడండి, ఇలాంటి రాత్రులు వాళ్ళకు చాలానే ఉంటాయి.

పెద్ద సమస్యల్లోనూ ఇంతే. ఫ్రాన్స్ గణిత శాస్త్రవేత్త హెన్రీ పాంకరే తన అనుభవం ఒకటి 1908లో వివరంగా చెప్పారు. ఒక రకం ఫంక్షన్ల మీద రోజుల తరబడి కుస్తీ పట్టి, ఆ తర్వాత లెక్కలన్నీ పక్కన పెట్టి యాత్రకు వెళ్ళారట. కూటాన్స్ అనే ఊళ్ళో బండి ఎక్కుతూ మెట్టు మీద కాలు పెట్టిన క్షణంలో కావలసిన ఆలోచన తట్టింది. ఇక్కడ మీ అమ్మాయి గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. అంతకుముందు కూర్చుని కష్టపడకపోతే అలాంటి ఆలోచనలు రావని ఆయనే అన్నారు.

కాబట్టి మీరు గమనించాల్సిన విషయం వేరే. సమస్యతో గట్టిగా పోరాడి, ఆ తర్వాత వీణ దగ్గరికి వెళ్తోందా? లేక ప్రశ్న కాస్త కష్టంగా కనబడగానే లేచిపోతోందా? రెండోదైతే మాట్లాడాలి, అప్పుడు కూడా మాట్లాడాల్సింది వీణ గురించి కాదు, ఏ సబ్జెక్టు దగ్గర భయపడుతోందో దాని గురించి. తేడా తెలుసుకోవడానికి నేను విద్యార్థులకు ఒక అలవాటు చెప్తుంటాను. లేచే ముందు నోట్‌బుక్‌లో రెండు లైన్లు రాయాలి: ఎక్కడ ఆగాను, ఏమేం ప్రయత్నించాను. అది రాయగలిగితే ఆ విరామం ఆమెకు న్యాయంగా రావలసిందే. తిరిగి వచ్చాక ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కునే పనీ ఉండదు.

ఇంకో మాట. వీణ మాన్పిస్తే ఆ గంట లీట్‌కోడ్‌కే వెళ్తుందని నమ్మకం ఏమిటి? నేను చూసినంతలో అది ఫోన్లోకి, రీల్స్‌లోకి వెళ్తుంది. అదే మెడ వంపు, అదే వెలుగు, కళ్ళకు అదే పని. వీణ ముందు కూర్చుంటే నడుము నిలబడుతుంది, చూపు స్క్రీన్ మీంచి మళ్ళుతుంది, పని చెవికి వెళ్తుంది. రోజుకు పదకొండు గంటలు చదువుతో గడిపే ఆ పిల్లకు కావలసింది సరిగ్గా అదే.

ఒక్క జాగ్రత్త మాత్రం నిజంగా అవసరం. కీబోర్డు, వీణ రెండూ వేళ్ళ మీద, మణికట్టు మీద భారం వేసేవే. వేళ్ళు తిమ్మిరెక్కడం, మణికట్టు నొప్పి ఉంటే రెండూ తగ్గించి డాక్టరుకు చూపించండి. కాలేజీ నుంచి రాగానే వీణ, భోజనం, తర్వాత కోడింగ్ అనే ఇప్పటి వరుస బాగానే ఉంది. రెండింటికీ మధ్య చేతులకు కాస్త వ్యవధి దొరుకుతుంది. పరీక్షల వారంలో గంటను ఇరవై నిమిషాలు చేసుకోమనండి, పూర్తిగా మాత్రం మానొద్దు.

డొనాల్డ్ క్నూత్ అనే అమెరికన్ కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ పేరు మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డును 1974లో అందుకున్నారు. ఆయన ఇంట్లో పైపు ఆర్గాన్ ఉంది, గొట్టాల్లోంచి గాలి పోతూ మోగే పెద్ద వాయిద్యం అది. ఆ రకం వాయిద్యం కోసం ఆయన కూర్చిన పెద్ద సంగీత రచనను 2018లో, ఆయన 80వ పుట్టినరోజున స్వీడన్‌లో తొలిసారి వాయించారు. అందరం క్నూత్‌లం కాలేం, నిజమే. కానీ ఒక వాయిద్యం జీవితమంతా తోడుండడం వల్ల ఆయన కంప్యూటర్ పనికి లోటేమీ రాలేదు.

'ఉద్యోగం వచ్చేదాకా' అన్నారు కదా, నాకు బెంగ కలిగించింది ఆ మాటే. ఇంటర్‌లోనూ ఇలాగే అని ఉంటారు. ఉద్యోగం వచ్చాక ట్రైనింగ్ అంటారు, ప్రాజెక్టు అంటారు, అమెరికా క్లయింట్లతో రాత్రి కాల్స్ ఉంటాయి, తర్వాత పెళ్ళి. పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలసిపోయే బర్నవుట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో స్పష్టంగా నిర్వచించింది. దాన్ని జబ్బుగా కాకుండా పనికి సంబంధించిన స్థితిగా పేర్కొంది. ఆ స్థితికి చేరి నా దగ్గరికి వచ్చే ముప్పై ఏళ్ళవాళ్ళను 'ఆఫీసు కాకుండా మీకేం ఇష్టం?' అని అడిగితే చాలామంది చిన్నప్పటి సంగతే చెప్తారు. మీ అమ్మాయి మాత్రం ఎవరూ చెప్పకుండానే తనంతట తాను వెనక్కి వెళ్ళి అటక మీంచి దించుకుంది. దయచేసి రెండోసారి మాన్పించకండి.

అలాగని ఆ గంటను ఇంకో పరీక్షగానూ మార్చకండి. సర్టిఫికెట్ కోర్సులో చేర్పిద్దామనో, వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టమనో ఎవరైనా సలహా ఇస్తారు. ఇప్పుడు వద్దు. తప్పు వాయించినా ఎవరూ మార్కులు వేయని చోటు ఆమెకు ఒకటి ఉండనివ్వండి.

ఇక బాగు చేయించడం. వీణ మెట్లు మైనం మీద నిలుస్తాయి. ఏళ్ళ తరబడి అటక మీద వేడికి ఆ మైనం మెత్తబడి మెట్లు జరిగి ఉంటాయి, అందుకే స్వరం సరిగ్గా పలకదు. కొత్త మైనం వేసి, ఒక్కో మెట్టు స్వరం చూసుకుంటూ అమర్చాలి కాబట్టి కొన్ని రోజులు వీణ ఇంట్లో ఉండదు. ఎలాగూ తక్కువ వాయించే ఈ సెమిస్టర్ పరీక్షల వారంలోనే ఇచ్చేయండి, ఈ ఒక్కసారికి ఆ ఇరవై నిమిషాలు లేకపోయినా పర్వాలేదు. ఇచ్చేటప్పుడు అమ్మాయిని వెంట తీసుకెళ్ళండి, శ్రుతి ఎంత పెట్టాలో తనే చెప్తుంది.