నమాజు చేసే ఇంట పేదవాని హక్కు

ప్రశ్న: మా మామగారు అయిదు పూటలా జమాఅత్‌తో (సామూహికంగా) నమాజు చేస్తారు. తహజ్జుద్ (రాత్రివేళ చేసే ఐచ్ఛిక నమాజు) కూడా విడవరు. మా ఇంట్లో పనిచేసే వితంతు సోదరి ఒకరు మొన్న జూన్‌లో కొడుకు కాలేజీ ఫీజు కోసం రెండు వేలు అడిగితే, “జకాత్ (సంపద నుండి పేదలకు ఇవ్వవలసిన విధి దానం) రమజాన్‌లో తీస్తాం, అప్పుడు రా” అని చెప్పి, టోపీ సర్దుకుంటూ అస్ర్ నమాజుకు వెళ్ళిపోయారు. ఆమె మారు మాట్లాడకుండా వెళ్ళి అంట్ల ముందు కూర్చుంది. పేదవారిని ఇలా తిప్పి పంపేవారి నమాజు స్వీకృతమవుతుందా? కోడలిగా నేను చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: సోదరీ, ఎవరి నమాజు స్వీకృతమైందో అల్లాహ్‌కు తప్ప మరెవరికీ తెలియదు. వుజూ (నమాజుకు ముందు చేసే శుద్ధి) చేసి, ఖిబ్లా (కాబా దిశ) వైపు నిలిచి, నియమబద్ధంగా చేసిన నమాజు షరీఅత్ దృష్టిలో నెరవేరినట్లే గనుక, మీ మామగారి మీద తీర్పు చెప్పే అధికారం మీకూ లేదు, మాకూ లేదు. అయినా మీ మనసు నొచ్చుకోవడం న్యాయమే. ఎందుకంటే దివ్య ఖుర్‌ఆన్ నమాజునూ నిరుపేద హక్కునూ పదే పదే ఒకే ఊపిరిలో చెప్పింది.

మఆరిజ్ సూరా (70:19–25) చదివి చూడండి. మనిషి తాలిమి లేనివాడుగా పుట్టాడు, కష్టం వస్తే బెంబేలెత్తుతాడు, కలిమి వస్తే పిడికిలి బిగిస్తాడు, నమాజు చేసేవారు మాత్రం అలాంటివారు కారు అని అక్కడ ఉంది. ఆ నమాజీలు ఎవరో కూడా వెంటనే చెప్పబడింది: తమ నమాజుపై స్థిరంగా ఉండేవారు, తమ సంపదలో అడిగేవానికీ, లేమిలో ఉన్నవానికీ నిర్ణీతమైన హక్కు ఉన్నదని ఎరిగినవారు. అంటే బిగిసిన పిడికిలిని విప్పించడం నమాజు చేయవలసిన పనుల్లో ఒకటి. ఇక్కడ పేదవానికి దక్కేదాన్ని ఖుర్‌ఆన్ దయ అనలేదు, హక్కు అన్నది. ముద్దస్సిర్ సూరాలో (74:42–44) నరకంలోకి ఎందుకు వచ్చారని అడిగినప్పుడు అపరాధులు మొదట చెప్పే రెండు కారణాలు కూడా ఇవే: మేము నమాజు చేసేవారము కాము, నిరుపేదలకు అన్నం పెట్టేవారము కాము.

ఇక మాఊన్ సూరాలో ఉన్నవి ఏడే ఆయతులు. మనలో చాలామంది చిన్న సూరా అని దాన్నే నమాజులో తరచూ చదువుతాము. అనాథను కసిరికొట్టేవాడిని, పేదవానికి అన్నం పెట్టమని ప్రోత్సహించనివాడిని ప్రస్తావించిన తరువాత, తమ నమాజు పట్ల అశ్రద్ధ వహించి, పదిమందికీ కనిపించాలని చేసి, మామూలు వాడుక వస్తువులు కూడా ఇవ్వడానికి నిరాకరించే నమాజీలను అది తీవ్రంగా హెచ్చరిస్తుంది. ఆ వస్తువులు గొడ్డలి, వంటపాత్ర, బొక్కెన వంటివని దైవప్రవక్త (స) సహచరులు హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) వివరించారు. ఇరుగుపొరుగు అడిగితే ఇచ్చి పుచ్చుకునే అంతటి చిన్న వస్తువుల దగ్గర చేయి వెనక్కి తీసుకోవడమే ఇంత పెద్ద విషయమైతే, ఒక బిడ్డ చదువు ఆగిపోయే చోట మనం ఎంత భయపడాలో మీరే ఆలోచించండి. దైవప్రవక్త (స) మరణానంతరం కొన్ని తెగలవారు జకాత్ చెల్లించబోమన్నప్పుడు, నమాజుకూ జకాత్‌కూ మధ్య తేడా చూపేవారితో తాను పోరాడి తీరుతానని తొలి ఖలీఫా హజ్రత్ అబూబకర్ (రజి) ప్రకటించినది కూడా ఈ బంధం వల్లనే.

“రమజాన్‌లో రా” అన్న మాటకు వద్దాము. జకాత్ రమజాన్ నెలతో ముడిపడిన విధి కాదు. సంపద నిసాబ్‌కు (జకాత్ విధి అయ్యే కనీస పరిమితికి) చేరి ఒక చాంద్రమాన సంవత్సరం గడిచిన రోజున అది విధి అవుతుంది; ఆ రోజు ముహర్రంలో రావచ్చు, షవ్వాల్‌లో రావచ్చు. పుణ్యం అధికమనే ఆశతో రమజాన్‌లో లెక్క చూసుకునే వాడుక మంచిదే కానీ, అవసరం మన లెక్కల కోసం ఆగదు. ఈ కొద్ది సంవత్సరాలుగా రమజాన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తోంది, ఫీజులు కట్టవలసింది జూన్‌లో. మీ మామగారికి ఈ సంగతి తెలిస్తే తప్పక ఆలోచిస్తారని మా నమ్మకం: దైవప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి) తన జకాత్‌ను గడువుకు ముందే చెల్లించవచ్చునా అని అడిగినప్పుడు దైవప్రవక్త (స) అందుకు అనుమతించారు. కాబట్టి రాబోయే రమజాన్ జకాత్ నుండి ఆ రెండు వేలు ఈ రోజే ఇచ్చి, అప్పటి లెక్కలో మినహాయించుకోవచ్చు. అయితే ఒక జాగ్రత్త అవసరం. ఆమెకు రావలసిన జీతం గానీ, పండుగకు ఇస్తామని ముందే ఒప్పుకున్న డబ్బు గానీ జకాత్‌గా చూపరాదు. అది ఆమె కష్టార్జితం.

మీరు చేయగలిగినది కూడా ఉంది. మీ మెహర్ (పెళ్ళిలో భర్త మీకు ఇచ్చిన వధుధనం), మీ పుట్టింటి నగలు మీ స్వంతం. వాటి నుండి దానం చేయడానికి మీరు ఎవరి అనుమతీ కోరనవసరం లేదు. నగల నుండి అయినా సరే సదఖా (దానం) ఇవ్వమని దైవప్రవక్త (స) స్త్రీలకు ప్రత్యేకంగా బోధించారు. హనఫీ (ఇస్లామీ ధర్మశాస్త్ర శాఖల్లో ఒకటి) పండితుల ప్రకారం నగల మీద కూడా జకాత్ ఉంది. బంగారం నిసాబ్ ఏడున్నర తులాలు అన్నది పాత తులం లెక్క, అంటే సుమారు 87.5 గ్రాములు, నేడు నగల దుకాణంలో తులం అంటే 10 గ్రాములే కనుక మీ లెక్కలో అది ఎనిమిదిముప్పావు తులాలు అవుతుంది. బంగారంతో పాటు నగదు కూడా ఉంటే రెండింటి విలువనూ కలిపి వెండి నిసాబ్‌తో, అంటే సుమారు 612 గ్రాముల వెండి ధరతో పోల్చాలి. చెల్లించవలసింది నలభైలో ఒక వంతు. ఇచ్చేటప్పుడు ఇది జకాత్ అని ఆమెకు చెప్పనవసరం లేదు, మనసులో సంకల్పం ఉంటే చాలు. ఇచ్చాక ఆ మాట ఎత్తవద్దు. ఎత్తిపొడుపులతో, మనసు నొప్పించడంతో మీ దానాలను వృథా చేసుకోకండని బఖరా సూరా (2:264) హెచ్చరిస్తోంది.

ప్రశ్న: నేను నమాజు చేయను గానీ కష్టంలో ఉన్నవారిని ఆదుకుంటాను. వారిలో ఎక్కువమంది హిందువులు. ఆ దానానికి పుణ్యం లేదని మిత్రులు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: మీ మిత్రుల మాట సరికాదు. అత్యధిక పండితుల అభిప్రాయంలో జకాత్ ముస్లిం హక్కుదారులకే చెందుతుంది గానీ, సదఖాకు (ఐచ్ఛిక దానానికి) అలాంటి హద్దు లేదు. (ప్రవక్తా!) వారిని సన్మార్గానికి తేవలసిన బాధ్యత నీది కాదు, మీరు ఏ మంచిని ఖర్చు పెట్టినా అది మీ మేలుకే అని ఖుర్‌ఆన్ (2:272) చెబుతోంది. బహుదైవారాధకురాలైన తన తల్లి వచ్చినప్పుడు ఏం చేయాలని హజ్రత్ అబూబకర్ (రజి) కుమార్తె హజ్రత్ అస్మా (రజి) అడిగితే, ఆమెను ఆదరించమనే దైవప్రవక్త (స) చెప్పారు.

అయితే దానం నమాజుకు బదులు కాదు. తన సహచరులైన హజ్రత్ ముఆజ్ (రజి)ను యమన్‌కు పంపుతూ దైవప్రవక్త (స) విశ్వాసం తరువాత మొదట అయిదు పూటల నమాజును, ఆపైన ధనికుల నుండి తీసుకొని వారి పేదలకు పంచే జకాత్‌ను బోధించమన్నారు. మీ చేతికి ఇవ్వడం ఇప్పటికే అలవాటైంది. ఈ రోజు ఏ పూట నమాజుకు అజాన్ వినబడితే ఆ పూటతోనే మొదలుపెట్టండి. తప్పిపోయిన నమాజుల సంగతి మీ మస్జిద్ ఇమాంగారిని అడిగి నెమ్మదిగా తీర్చుకోవచ్చు.